సంచిలో పెట్టని నాడె

ఖాకీ గుడ్డ సంచి అడుగున ముందు దుప్పటి పరిచాను. దాని మీద రెండు లుంగీలు, రెండు చొక్కాలు, ఒక తువ్వాల. పక్కన మామిడికాయ తొక్కు సీసా, నూనె కారకుండా మూతికి గుడ్డ కట్టి పెట్టాను. జొన్నరొట్టెలు పాత చీరముక్కలో మూట కట్టాను. మా ఆయన గడప మీద కూర్చుని బీడీ కాలుస్తూ చూస్తున్నాడు. అన్నీ అయ్యాక నాడె ఒక్కటి మిగిలింది.

నాడె అంటే మగ్గం మీద ఇటు నుంచి అటు పరిగెత్తే కొయ్య పడవ. కడుపులో దారం కండె పెట్టుకుని పడుగు మధ్యలోంచి దూసుకుపోతుంది. ఇది మా మామగారి చేతిమగ్గం నాటిది. మిల్లులో మరమగ్గాలకు పనికిరాదు. అయినా మా ఆయన రోజూ డ్యూటీకి పోయేముందు దాన్ని ముట్టి కళ్ళకు అద్దుకునేవాడు.

"అది పెట్టవా?" అన్నాడు.

"జాగా లేదు."

సంచిలో ఇంకో రెండు నాడెలకు జాగా ఉంది. ఆ సంగతి ఆయనకూ కనబడుతూనే ఉంది.

"సరే తియ్. బియ్యం డబ్బాల దాస్తవ్ గావచ్చు. సూసుకో, ఎసట్ల పోసేవు" అని నవ్వాడు.

ఆలేరులో మా పుట్టింట్లో ఒక అలవాటు ఉండేది. దూరం పోయే మనిషి రోజూ ముట్టుకునే వస్తువు ఒకటి ఇంట్లో ఆపాలి. అది ఆ మనిషిని వెనక్కి లాగుతుందని నమ్మకం. మా నాయిన షోలాపూర్ పోయిన రోజు మా అమ్మ ఏదీ ఆపలేదు. ఆపడానికి ఆయనకు రెండో వస్తువు ఏదీ లేదు. ఊరి బయటి దాకా నేను ఆయన వేలు పట్టుకుని నడిచాను. ఆయన మళ్ళీ రాలేదు. ఆయన ఎట్లా ఉండేవాడో నాకు వేలు తప్ప ఇంకేమీ గుర్తులేదు. అప్పటి నుంచి ఎవరైనా సంచి దులిపితే చాలు, నాకు అక్కడ నిలవబుద్ధి కాదు.

నాచారంలో మేమిద్దరం ఒకే మిల్లులో పనిచేసేవాళ్ళం. ఆయన మగ్గాల షెడ్డులో, నేను దారం చుట్టే సెక్షన్లో. చుట్టడం నాకు కొత్త కాదు. సాలెవాళ్ళ ఇంట్లో ఆడపిల్లకు ముందు నడక వస్తుంది, తర్వాత రాట్నం వస్తుంది. మా అమ్మ ఒక్కటే పాఠం చెప్పింది: మొదలుపెట్టిన కండెను మధ్యలో వదలొద్దు, ఇంకో చేతికి ఇవ్వొద్దు. చెయ్యి మారితే బిగువు మారుతుంది. నేసిన బట్టలో అది చారలాగా తేలుతుంది, ఎవరి ఇంటి కండెనో ఊరంతా చెప్పుకుంటారు.

ఎనభై ఐదు వానాకాలంలో ఒక పొద్దున పోయేసరికి మిల్లు గేటుకు తాళం. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారన్నారు, వారంలో తెరుస్తారన్నారు. మేము టిఫిన్ డబ్బాలు పట్టుకుని గేటు ముందు కూర్చున్నాము. నా పక్క మిషన్ మీద పనిచేసే శాంతాబాయి తన డబ్బా మూత తీసి, "మిల్లుకు సెలవిచ్చిన్రు గని మన కడుపుకు ఇయ్యలే. తినుండ్రే" అని అందరికీ తలా ముద్ద పెట్టింది. వారం కాస్తా నెలలయింది. తాళానికి తుప్పు పట్టింది. గేటు మీద గడ్డి తీగ ఒకటి పాకింది. నేను దానికేసి చూడడం మానేశాను గానీ మా ఆయన మానలేదు.

భీవండిలో మా కులపువాళ్ళు వాడలు వాడలుగా ఉన్నారు. మరమగ్గం తెలిసినవాడికి అక్కడ పనికి కొదవ లేదు. దసరా దాకా ఎదురుచూసి, కార్తీకంలో ఆయన తేల్చేశాడు.

"నేను పోత. నువ్వు ఇక్కడ ఏదన్న పని సూస్కో. మళ్ళ దసరకు నీ పని కుదిరిందనుకో, నేనే వస్త. ఇద్దరం ఇక్కడనే ఉందాం. కుదరలేదా, నువ్వే సంచి సర్దుకొని రా."

"భీవండి నేను రాను. షోలాపూర్ పక్కనే గద అది."

"పక్కన గాదే, మస్తు దూరం."

"నాకు రెండు ఒక్కటే."

"అయితే పని ఎతుక్కో" అన్నాడు, సంచి భుజానికి తగిలించుకుంటూ.

బస్సు మలుపు తిరిగిన తర్వాత కూడా చాలాసేపు నేను ఉప్పల్ స్టాపులోనే నిలబడ్డాను. కండక్టర్లు ఒక్కొక్కరే "ఎక్కుతవా అమ్మా?" అని అడిగి విసుక్కున్నారు. ఇంటికి వచ్చి నాడెను బియ్యం డబ్బాలోనే పెట్టాను.

పని వెతకడమంటే ముందు బోర్డులు చదవడం. చదువు నాకు బడిలో వచ్చింది కాదు. మిల్లులో పెట్టెల మీది అక్షరాలూ, బస్సుల మీది ఊళ్ళ పేర్లూ పక్కపక్కన పెట్టుకుని కూడబలుక్కున్నాను. అట్లా ఉప్పల్ రోడ్డు మీద నడుస్తూ ఒక్కో బోర్డు చదువుతుంటే 'మోటార్ వైండింగ్' అన్నది తగిలింది. మోటార్ సంగతి నాకు తెలియదు. వైండింగ్ తెలుసు. మిల్లులో నా సెక్షన్ పేరు కూడా అదే.

లోపల ఒక పెద్దమనిషి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, వెంట్రుకంత రాగి తీగను వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. ఆయనే గోపాలరావు. గుడివాడ వైపు మనిషి.

"ఏం కావాలమ్మా?"

"పని గావాలె సారు."

"మీ ఆయనకా?"

"నాకే."

"ఇది ఆడవాళ్ళు చేసే పని కాదమ్మా. ఫ్యానులూ, బోరు మోటార్లూ. కాలిపోయినవి విప్పి, మళ్ళీ తీగ చుట్టాలి. నడుములు పడిపోతాయి."

ఆయన మాట్లాడుతూనే చుడుతున్నాడు. తీగ ఒకదాని మీద ఒకటి ఎక్కుతోంది. ఆయనకు కనబడడం లేదు. కంట్లో పొర పెరిగిందని నాకు గడప దగ్గరి నుంచే తెలిసింది.

"జర ఆ తీగ నా చేతికియ్యుండ్రి" అన్నాను.

ఇచ్చాడు. చేతి మిషన్ తిప్పాను. రాట్నమే. పిడి ఇనపది, అంతే తేడా. తీగ చుట్టు పక్కన చుట్టు పడుకుంటూ పోయింది. ఆయన వేలితో తడిమి చూశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"మిల్లుల. మూసిన్రు."

"మూసేశారా? నన్ను మా కంపెనీవాళ్ళు తీసేసిన రోజు ఇంటికి పోయి చెప్పడానికి మొహం చెల్లక ఇక్కడ బస్సు దిగిపోయాను. మళ్ళీ ఇంతవరకూ ఎక్కలేదు" అని పెద్దగా నవ్వాడు. "రేపు పొద్దున్నే రా. పిడి కింద పెట్టాక కబుర్లు, పిడి చేతిలో ఉంటే చుట్లు లెక్కపెట్టుకోవడమే. ఎవరు పిలిచినా పలక్కు."

అట్లా నాకు రెండో పని దొరికింది. దారం తెగితే ముడి వేస్తాము. రాగి తీగ కాయిల్ మధ్యలో తెగితే మళ్ళీ మొదటి నుంచి. మొదటి నెలల్లో నేను చుట్టినదానికంటే విప్పినది ఎక్కువ. సాయంత్రం వాడకు వస్తే శాంతాబాయి నల్లా దగ్గర అందరి ముందూ అందుకునేది.

"ఏందే సారలా, రాగి చీర నేస్తున్నవా? ఎవలు గట్టుకుంటరే దాన్ని? మీ గోపాల్రావు సారా?"

"నీకే కట్టవెడత. కరెంటు తీగ కొసకు కట్టి."

నల్లా దగ్గర నవ్వేదాన్ని గానీ, గదిలోకి వచ్చాక నవ్వు ఉండేది కాదు. ఒక్కో నెలా దసరా వైపు జరిగిపోతోంది. గోపాలరావు నాకు సొంతంగా ఒక్క ఫ్యాను కూడా అప్పగించలేదు. ఆయన పక్కన కూర్చుని చుట్టడం పని కుదరడం కిందికి వస్తుందా? మా ఆయన అడిగితే ఏమని చెప్పాలి?

ఆ వేసవిలో గోపాలరావు కంటి ఆపరేషన్‌కు దవాఖానాలో చేరాడు. దుకాణం తాళంచెవి నా చేతిలో పెట్టి, "కొత్తవేమీ తీసుకోకు. ఎవరైనా వస్తే వచ్చే వారం రమ్మను" అన్నాడు. ఆ మాట నేను వినలేదు.

హబ్సిగూడ క్వార్టర్ల నుంచి కామాక్షి గారని ఒకావిడ సీలింగ్ ఫ్యాను రిక్షాలో పెట్టుకుని వచ్చింది. ఇంటినిండా చుట్టాలు, ఎండలు మండిపోతున్నాయి, ఎట్లాగైనా రేపటికి కావాలంది. నా ఎదురుగా ఒక ఫ్యాను ఉంది, పక్కన సారు లేడు. ఇది నేనొక్కదాన్నే చేస్తే దసరాకు చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది. సరేనన్నాను.

మాడిన తీగ విప్పాను, కాయిళ్ళు చుట్టాను. ఒక్కసారీ తెగలేదు. చివర వార్నిష్ పూయాలి. డబ్బా తెరిస్తే అడుగున గడ్డ కట్టి ఉంది. వార్నిష్ ఎందుకు పూస్తారో నేను ఏనాడూ అడగలేదు. పూశాక తీగ కదలకుండా బిగుసుకోవడం మాత్రం చూశాను. మా ఇంట్లో పడుగు బిగుసుకోవడానికి ఏం చేసేవాళ్ళమో నాకు బాగా తెలుసు. గదికి పోయి బియ్యం కడిగి చిక్కగా గంజి కాచాను. కుంచెతో కాయిళ్ళ నిండా పూసి ఎండలో పెట్టాను. సాయంత్రానికి గట్టిగా, తెల్లగా, కొత్త పడుగులాగా ఉంది. బిగించి తిప్పితే తిరిగింది. కామాక్షి గారు మెచ్చుకుని తీసుకుపోయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మూడో నాడు ఆవిడ దుకాణం ముందు దిగింది, ఫ్యాను చంకలో పెట్టుకుని.

"ఏమ్మాయ్! ఈ ఫ్యాను వేస్తే అన్నం మాడిన వాసన వస్తోంది! నేనేదో పొయ్యి మీద పెట్టి మరిచిపోయానని మావారు వంటింట్లోకి పరిగెత్తారు. చుట్టాల ముందు నన్ను నానా మాటలూ అన్నారు. చివరికి చూస్తే పొగ నెత్తి మీంచి వస్తోంది!"

ఆవిడ ఫ్యాను బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. దుకాణానికి తాళం వేసి, తాళంచెవి పక్క సైకిల్ షాపులో ఇచ్చి గదికి వచ్చాను. ఇంట్లో ఉన్న చేతిసంచీ దించాను. చీరలు పెట్టాను. షోలాపూర్ అయితేనేం, భీవండి అయితేనేం. మా నాయిన దారే నా దారి అనుకున్నాను. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి నాడె బయటికి తీశాను. ఇక అది ఆపేదేమిటి, నేనే పోతుంటే.

వాకిట్లో రిక్షా ఆగింది. సైకిల్ షాపువాళ్ళు కబురు పెట్టారట, గోపాలరావు ఒక కంటికి పచ్చ గుడ్డ వేలాడుతూ, ఒళ్ళో ఆ ఫ్యానుతో దిగాడు. ఆపరేషన్ అయిన మనిషి కదలకూడదని ఆయన కూతురు వెనక నుంచి అరుస్తూనే ఉంది.

"ఎక్కడికమ్మా ప్రయాణం?"

"భీవండికి."

"ఫ్యాను తెరిచి చూశాను. గంజి పెట్టావు. ఇస్త్రీ కూడా చేయకపోయావా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయనకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే కంటికి మంచిది కాదని కూతురు మొత్తుకుంటోంది. ఆయన కన్ను పట్టుకుని మరీ నవ్వాడు. తర్వాత అక్కడే గడప మీద కూర్చున్నాడు.

"వార్నిష్ ఎందుకో నీకు చెప్పలేదు నేను. ఒక చుట్టులో కరెంటు పక్క చుట్టులోకి పోకుండా. గంజి నీళ్ళది, తడి పీలుస్తుంది, కాలుతుంది. ఇప్పుడు తెలిసిందిగా?"

"నాకు రాదు సారు గీ పని. నన్ను పోనియ్యుండ్రి."

"పో. ఎవరొద్దన్నారు? ఈ కాయిళ్ళు చుట్టిందెవరు?"

"నేనే."

"మొదలుపెట్టింది మధ్యలో వదలకూడదని, ఇంకో చెయ్యి పడకూడదని నాకు రోజూ పురాణం చెప్పేది ఎవరు? విప్పి మళ్ళీ చుట్టు. ఆ తర్వాత భీవండి పో, బిలాయత్ పో."

విప్పాను. మాడిన గంజి గోళ్ళలో ఇరుక్కుంది, వారం దాకా వాసన పోలేదు. మళ్ళీ చుట్టాను, ఈసారి వార్నిష్ పూసి, ఎండబెట్టి, ఫ్యానును నేనే హబ్సిగూడ మోసుకుపోయాను. కామాక్షి గారు స్టూలు మీదెక్కి ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. ఆవిడకూ నవ్వొచ్చింది. ఆ క్వార్టర్లలో ఈ కథ ఇంటింటికీ పాకింది. "గంజి ఫ్యాను సారలమ్మ ఉందా?" అని వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. వాళ్ళకు నవ్వుకోవడానికి ఒక పేరు, నాకు పని. గోపాలరావు కన్ను బాగయ్యేలోపే బల్ల సగం నాదయింది.

దసరాకు మా ఆయన వచ్చాడు. బస్సు దిగుతూనే, "నా నాడె ఉన్నదా, ఎసట్ల పోసినవా?" అన్నాడు. దుకాణం చూపించాను. నేను చుట్టిన మోటారు బోరు బావిలోకి దింపి నీళ్ళు పైకి దుముకుతుంటే చూపించాను. ఆ నీళ్ళతో మొహం కడుక్కుని, "శబాష్" అన్నాడు. అనుకున్న మాట ప్రకారం భీవండి వదిలేశాడు. ఆ రోజు నేను అనుకున్నది అనుకున్నట్టే జరిగింది.

ఆయన దుకాణంలో కూర్చున్నాడు. మగ్గం కొట్టిన చేతులు గట్టివి. తీగ పట్టుకుంటే తెగేది. రెండోసారి తెగాక, మూడోసారి తెగాక, నవ్వి లేచి మోటార్లు మోసుకొచ్చే పని పెట్టుకున్నాడు. చర్లపల్లి ఫ్యాక్టరీ గేట్ల దగ్గర నిలబడ్డాడు. మౌలాలిలో ఎవరినో కలిశాడు. వయసు మళ్ళిన నేతగాణ్ణి ఎవరు తీసుకుంటారు? రాత్రిళ్ళు పక్క మీద కూర్చునే ఉండేవాడు. ఏమయిందంటే, "సప్పుడు లేదే. నిద్ర వడతలేదు" అనేవాడు. ఇరవై ఏళ్ళు మగ్గాల మోతలో బతికిన మనిషి.

ఒక మధ్యాహ్నం నేను మూతపడ్డ మిల్లు మీదుగా వస్తుంటే, ఆయన ఆ గోడ పక్కన నిలబడి కనిపించాడు. చెవి గోడకేసి ఒంచి ఉంది. నేను పిలవలేదు. ఇంకో సందులోంచి ఇంటికి వచ్చాను.

ఎనభై ఎనిమిది ఉగాది దాటాక, భీవండిలో పనిచేసే మా ఆలేరు పరంధామయ్య వచ్చాడు. చాయ్ తాగుతూ, "ఉమామహేశ్వరన్నా, మా సేటు నిన్నే అడుగుతుండు. మగ్గాలు బాగుజేసే పెద్ద మేస్త్రి గావాలంట. నీ చెయ్యి వడితే ఎసొంటి మగ్గమైన నడుస్తదని చెప్పిన" అన్నాడు. మా ఆయన మేకుకు వేలాడుతున్న ఖాకీ సంచి వైపు ఒక్కసారి చూశాడు.

పరంధామయ్య పోయాక అడిగాను.

"పోవాలని ఉన్నదా?"

"నువ్వు రావు గద."

"రాను. నా పని ఇక్కడున్నది."

"ఎరికే. నేను గూడ ఉంట తియ్. నీకేం ఫికర్ వద్దు." తన చేతులు తిప్పి చూసుకున్నాడు. "ఉత్తగ కూసుంటే ఇవి నా చేతులే అనిపిస్తలేదు, సారలా. అంతే."

మిల్లు గేటు ముందు టిఫిన్ డబ్బాతో కూర్చున్న రోజు నా చేతులూ అట్లాగే ఉండేవి. నాకు ఇంకో పిడి దొరికింది. ఆయన పిడి భీవండిలో ఉంది. దసరాకు వస్తానన్న మాట కోసం ఆయన్ను ఇక్కడ కూర్చోబెట్టి, నేను రోజూ ఆయన్ను చూడకుండా ఇంకో సందులోంచి రావాలా?

పొద్దున్నే లేచి సంచి దించి దులిపాను. దుప్పటి, లుంగీలు, చొక్కాలు, తొక్కు సీసా. ఆఖరుకు బియ్యం డబ్బాలోంచి నాడె తీసి, తుడిచి, అన్నిటికీ పైన పెట్టాను.

"దానికి జాగా లేదంటివి గద?"

"ఇప్పుడైంది."

"ఎల్లగొడుతున్నవానే?"

"మేస్త్రివి. ఒట్టి చేతులతోని ఎట్ల పోతవ్?"

మధ్యాహ్నం బస్సుకు పోతూ దుకాణం దగ్గర ఆగాడు. అప్పుడు నేను బోరు మోటారుకు కాయిల్ చుడుతున్నాను. చుట్లు లెక్కపెట్టుకుంటున్నాను, నోరు తెరిస్తే లెక్క పోతుంది. తల ఎత్తి చూశాను. ఆయన గడప మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆయనా సాలె బిడ్డే, ఆయనకు చెప్పాల్సిన పని లేదు.

"లేవకు. నడుమ ఉన్నవ్" అన్నాడు. "పోయొస్త."

నేను తల ఊపాను. పిడి ఆపలేదు. కాయిల్ పూర్తి చేసి, కొస కట్టి రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు రేపిన దుమ్ము ఇంకా దిగలేదు. దూరంగా మౌలాలి గుట్ట ఎండలో మసకగా ఉంది. ఆ కాయిల్ పెట్టిన మోటారు చాలా ఏళ్ళు నడిచింది, ఒక్కసారి కూడా బాగుచేయడానికి రాలేదు.

తర్వాత గోపాలరావు సారు బల్ల మొత్తం నాకు వదిలి కూతురింటికి పోయాడు. శాంతాబాయి వచ్చి నా పక్కన కూర్చుంది. మందుల ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించీ బిగించీ విసుగొచ్చిందట. "రాగి చీర నాకు గూడ నేర్పు" అంది. మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. సైనిక్‌పురి దాకా కొత్త ఇళ్ళు లేచాయి, ప్రతి ఇంటికీ ఒక బోరు, కాలిపోయిన ప్రతి మోటారూ మా గడప తొక్కేది. కొత్తగా వచ్చిన వాళ్ళకు నేను మొదటి రోజే వార్నిష్ ఎందుకో చెప్పేదాన్ని. గంజి కథ శాంతాబాయి చెప్పేది, ప్రతిసారీ కొంచెం కలిపి.

మా ఆయన మరుసటి ఏడు దసరాకు వస్తానని పరంధామయ్యతో కబురు పంపాడు. మగ్గాలు బాగా నడుస్తున్నాయని, నిద్ర పడుతోందని చెప్పమన్నాడట.

ఉమామహేశ్వర్ తిరిగి రాలేదు. పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది శ్రావణమాసంలో, భీవండిలో, కామెర్లు వచ్చి చనిపోయాడు.